పచ్చబడిన ‘శ్రీ’: తప్పు సగం రేకుది, సగం కింది పూతది

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాకినాడ నుంచి ఒకావిడ నాన్నగారి షష్టిపూర్తికి భాగవతంలోని మొదటి పద్యాన్ని చేతిరాతతో రాసి, మొదటి అక్షరం ‘శ్రీ’కి ఆన్‌లైన్‌లో కొన్న బంగారు రేకు అతికించారు. కింద ఉబ్బెత్తు రావడానికి తంజావూరు బొమ్మల వీడియో చూసి సుద్దపొడి, తెల్ల జిగురు కలిపి పూశారు. 4 నెలల్లో అంచులు పచ్చబడ్డాయి, మధ్యలో పెచ్చులు లేచాయి. ఈసారి అసలు బంగారంతోనే చేయాలని ఉందట. రంగులు కూడా పాత పద్ధతిలో పసుపు, కుంకుమ, సింధూరం, హరిదళం అనే పసుపురంగు ఖనిజపు పొడితో వేయవచ్చా అని అడిగారు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉందని చివర్లో రాశారు.

అమ్మా, ఆ చివరి వాక్యం మీరు మొదటే రాయాల్సింది. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ ‘శ్రీ’.

మీరు కొన్నది బంగారం కాదు, ఇత్తడి రేకు. రాగి, జింకు కలిపి పల్చగా సాగదీసింది. అక్షరం మీద చెయ్యి తగిలిన చెమట, జిగురులోని తడి, మీ ఊరి ఉప్పుగాలి మూడూ కలిస్తే రాగికి చిలుము పట్టక ఏమవుతుంది? పూజగదిలో రాగి చెంబుకు పట్టేదే ఇక్కడా పట్టింది. ఈసారి కొనేటప్పుడు కొలత చూడండి. ఇత్తడి రేకులు సాధారణంగా 14 సెంటీమీటర్ల చదరాలు, వందేసి కట్టగా చవకగా దొరుకుతాయి. అసలు బంగారు రేకు 8 సెంటీమీటర్ల చదరం, 25 రేకుల చిన్న పుస్తకంగా వస్తుంది. ఇత్తడి రేకును వేళ్లతో పట్టుకోవచ్చు. బంగారు రేకును వేళ్ల మధ్య నలిపితే చర్మంలో కలిసిపోయినట్టు మాయమవుతుంది, ఎందుకంటే దాని మందం మిల్లీమీటరులో పదివేల వంతు. కిటికీ వెలుతురుకు అడ్డం పెడితే వెలుగు దానిలోంచి నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఈ పరీక్షకు కంసాలి అక్కర్లేదు. 23 క్యారెట్లు, ఆపైన ఉన్నది అడగండి. అంతకు తగ్గితే అందులో కలిపిన వెండి, రాగి ఏనాటికైనా రంగు మారుస్తాయి.

వెండి జోలికి మాత్రం అసలు పోకండి. నా తొలి రోజుల్లో ఒకరి కోసం వేసిన పున్నమి బొమ్మలో చంద్రుడికి వెండి రేకు వాడాను. రెండేళ్లకు వాళ్లింటికి వెళ్తే గోడ మీద నల్లటి చంద్రుడు వేలాడుతున్నాడు. గ్రహణం వేశారా అని చుట్టాలు అడుగుతున్నారట. గాలిలో ఉండే గంధకపు ఆవిరికి వెండి నల్లబడుతుంది, మీ వెండి కుంకుమభరిణె నల్లబడినట్టే. తెల్లటి మెరుపు కావాలంటే పల్లాడియం రేకు వాడతాం.

ఇక పెచ్చులు. తంజావూరు వీడియో చూసి చేయడం దగ్గరే అసలు పొరపాటు జరిగింది. ఆ పద్ధతిని తక్కువ చేసి చెప్పడం లేదు, నేను బంగారం పని మొదలుపెట్టింది దానితోనే. ఆ బొమ్మలు వేసినవారిలో రాజులు, నాయుళ్లు అని పిలిచే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. విజయనగరం పడిపోయాక దక్షిణానికి వలస వెళ్లినవాళ్లు. ఆ రకంగా అది మన ఇంటి విద్యే. కానీ దాన్ని తమిళంలో పలగై పటం అంటారు, అంటే పలక మీది బొమ్మ. పనస చెక్క మీద బట్ట అతికించి, దాని మీద సుద్ద, జిగురు ముద్దతో నగలూ తోరణాలూ ఉబ్బెత్తుగా తీర్చి, కాస్త మందమైన బంగారు రేకును ఆ మెట్టపల్లాల మీద నొక్కి అతికిస్తారు. కింద పలక కదలదు కాబట్టి పైన ముద్ద గట్టిగా ఉన్నా ఫరవాలేదు. కాగితం అలా కాదు. అది పొద్దున ఉబ్బి మధ్యాహ్నం ముడుచుకుంటుంది. అలా ఉబ్బి ముడుచుకునే కాగితం మీద బిగుసుకుపోయిన సుద్ద పెట్టారు, అది పెచ్చులు లేచింది.

పుటల మీద బంగారం వేసేవాళ్ల పూత వేరు. యూరప్‌లో మధ్యయుగపు సన్యాసులు, ఆ తర్వాత పట్టణాల్లో దుకాణాలు పెట్టుకున్న చిత్రకారులు దూడతోలు మీద వాడిన దాన్ని గెస్సో అంటారు. నాకు తెలిసినంతలో ఈ పనిలో నూటికి తొంభై పాళ్లు ఆ గెస్సోయే. బంగారం దాని మీద అద్దం లాంటిది, కింద ఏముంటే అదే చూపిస్తుంది. గుంట ఉంటే గుంట, గీత ఉంటే గీత. అందుకే దీని గురించి కాస్త సాగదీసి చెబుతాను, ఓపిక పట్టండి.

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ తెలుసుగా, వినాయకుడి విగ్రహాలకు వాడేదే. దానికి నీళ్లు తగిలితే నిమిషాల్లో బిగుస్తుంది. ఆ బిగిసే గుణాన్ని చంపాలి. అరకిలో పొడిని పది లీటర్ల నీళ్లలో కొద్దికొద్దిగా చల్లుతూ మొదటి రోజు గంటసేపు చెయ్యి ఆపకుండా తిప్పండి. తర్వాత ఒక నెలపాటు రోజూ కాసేపు తిప్పుతూ, పైన తేరిన నీళ్లు వంపి కొత్త నీళ్లు పోస్తూ ఉండాలి. అది బిగుసుకోవడానికి కావలసిన నీటిని తాగేస్తుంది, కానీ తిప్పుతూ ఉండటం వల్ల గడ్డకట్టే తీరిక దొరకక సన్నటి మెత్తటి రేణువులుగా విడిపోతుంది. నెల తర్వాత బట్టలో పిండి బిళ్లలు చేసి ఆరబెడితే వెన్నలా గీసుకునే తెల్ల సుద్ద వస్తుంది. నెల రోజులా అని మీరు అనుకుంటారని తెలుసు. ఒకసారి చేస్తే ఏళ్లపాటు వస్తుంది. నా దగ్గరున్న బిళ్లలు పదకొండేళ్ల కిందటివి.

దీనికి పాత కొలత 8 పాళ్లు ఈ సుద్ద, 3 పాళ్లు సీసపు తెలుపు, ఒక పాలు పంచదార, ఒక పాలు చేప జిగురు, రంగు కోసం చిటికెడు ఎర్రమట్టి. ఎవరి పని వారిది. సుద్ద ఒళ్లు ఇస్తుంది, సీసం నునుపూ వంగే గుణమూ ఇస్తుంది, జిగురు పట్టి ఉంచుతుంది. పంచదారే అసలు మాయ. గాలిలో తేమను లాక్కుని పూతను కాస్త మెత్తగా, కాగితంతో పాటు వంగేలా ఉంచుతుంది. మన ఇళ్లలో పంచదార డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లుతుంది కదా, ఆ అవలక్షణమే ఇక్కడ లక్షణం. మీ కాకినాడలో ఆగస్టులో చేస్తే పంచదార కాస్త తగ్గించండి, లేకపోతే ఎప్పటికీ ఆరదు. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో చేసే నాకు పెంచుకోక తప్పదు. ఎర్రమట్టి ఎందుకంటే, తెల్ల కాగితం మీద తెల్ల పూత ఎక్కడిదాకా వేశారో కళ్లకు కనబడాలి, పైగా బంగారం సన్నగా ఉన్నచోట కింది ఎరుపు దానికి వెచ్చదనం ఇస్తుంది. ఇంట్లో పాప ఉంది కనుక సీసపు తెలుపు వద్దు. దాని బదులు టైటానియం తెలుపు వేసి పంచదార రవ్వంత పెంచండి. నునుపు కొంచెం తగ్గుతుంది, పాప క్షేమంగా ఉంటుంది.

అన్నిటినీ చుక్కచుక్క నీళ్లతో కల్వంలో నూరి, ఈక కలంతోనో సన్నటి కుంచెతోనో అక్షరం మీద బొట్టులా పెట్టి, తడి ఆరకముందే అంచుల దాకా లాగాలి. కాగితం బల్ల మీద చదునుగా ఉండాలి, వాలు ఉంటే పూత ఒకవైపు పేరుకుంటుంది. బుడగలు వస్తే సూదితో పొడవండి. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున బ్లేడుతో పైపైన గీసి నునుపు చేస్తే, వేలితో తడిమినప్పుడు గాజుగాజుగా తగలాలి.

రేకు వేసేది తెల్లవారుజామునే. ఎండెక్కితే పని చెడుతుంది. వేరే కాగితపు ముక్కను గొట్టంలా చుట్టి నోట్లో పెట్టుకుని, పూతకు దగ్గరగా గుండెల్లోంచి మూడు నాలుగు సార్లు ఊపిరి వదలండి. ఊదడం కాదు, చలికాలం అద్దం మీద ఆవిరి పట్టించినట్టు. ఆ ఆవిరికి పంచదారా జిగురూ మేలుకుంటాయి. వెంటనే రేకు వేసి, పైన నున్నటి కాగితం పెట్టి వేలితో నొక్కండి. ఆ తర్వాత అకీకు (అగేట్) రాయి బిగించిన పుల్లతో మొదట కాగితం మీద నుంచి, తర్వాత నేరుగా రుద్దండి. పాతకాలంలో దీనికి కుక్క కోరను వాడేవారు, అందుకే ఇప్పటికీ ఆ రాళ్లను కోర ఆకారంలోనే చెక్కుతారు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు సానపట్టే పని తరతరాలుగా ఉంది, అక్కడి రాయి నాకు విదేశీ రాయి కన్నా బాగా నప్పింది. మొదటి రేకు మీద రెండోది వేయండి, బంగారానికి బంగారం అతుక్కుంటుంది. రెండో రేకుతోనే మెరుపు లోతుగా వస్తుంది.

ఇదంతా పెద్ద తంతు అనిపిస్తే ఇంకో దారి ఉంది, నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు మొదట దీన్నే ఇస్తాను. యునాని మందుల కొట్టులో ఉషక్ అని అడగండి. ఇరాన్ వైపు పెరిగే ఒక మొక్క పాలు గడ్డకట్టిన బంక. చార్మినార్ చుట్టుపక్కల కొట్లలో దొరుకుతుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి పల్చటి బట్టలో వడగడితే పాలలాంటి ద్రవం వస్తుంది. వాసన గురించి ముందే చెబుతున్నాను, బాగుండదు. రెండు పూతలు వేసి, ఆరాక ఊపిరి వదిలి, రేకు పెట్టండి. ఉబ్బెత్తు రాదు, అద్దంలాంటి మెరుపూ రాదు, కానీ పెచ్చులు లేవదు, పచ్చబడదు. షష్టిపూర్తి కానుక చెడకుండా నిలవాలంటే ఇది చాలు. ఉబ్బెత్తు గెస్సోను వేరే ముక్కల మీద ఒక యాభై చుక్కలు పెట్టి సాధన చేశాకే పద్యం దగ్గరకు రండి.

మరో మాట. మీరు పద్యమంతా రాసి, చుట్టూ తీగలకు రంగులు వేసి, చివర్లో బంగారం పెట్టారు. వరస తిరగబడింది. గీత, సిరా, పూత, బంగారం, రుద్దడం అన్నీ అయ్యాకే రంగు. ముందే రంగు ఉంటే అందులోని బంకకు రేకు తునకలు ఎక్కడపడితే అక్కడ అంటుకుంటాయి, అకీకు రాయి రంగును గీరేస్తుంది. మీరు పంపిన ఫొటోలో పువ్వుల మీద కనబడుతున్న పసుపు చుక్కలు అవే.

‘శ్రీ’ని ఎంచుకున్నందుకు మాత్రం మెచ్చుకుంటున్నాను. యూరప్ పుటల్లో మొదటి అక్షరాన్ని పెద్దది చేసి బంగారం పూయడం వాళ్లకు పెద్దక్షరాలు ఉండటం వల్ల సులువైంది. మనకు అలాంటి తేడా లేదు. మన పుస్తకాలు తాటాకు మీద గంటంతో గీసి మసి పట్టించినవి. రేకు అతికించే చోటే లేదక్కడ. అందుకే తెలుగు పుటకు బంగారపు సంప్రదాయం ఫలానాది అని చూపడానికి పెద్దగా లేదు. చూసి నేర్చుకోవాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లండి. గోల్కొండ పాలించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వపు రాతప్రతి అక్కడ ఉంది. పర్షియా వాళ్లు తజ్‌హీబ్ అనే బంగారు పని మన నేల మీదే ఎంత బాగా కుదిరిందో కనిపిస్తుంది. మన ఉత్తరాల తలమీద, పెళ్లిపిలుపుల మీద ‘శ్రీ’ ఎప్పుడూ ఉన్నదే కాబట్టి బంగారానికి మన లిపిలో అంతకన్నా సహజమైన చోటు నాకు తోచదు. కానీ ‘శ్రీ’లో కింద ఉన్న రావొత్తు సన్నగా చుట్టుకుంటుంది. అక్కడ గెస్సో నిలవదు. ఆ సన్నటి చోట్లకు బంగారు సిరా వాడండి. రేకు తునకలను పింగాణీ పళ్లెంలో తేనెతో వేలితో గంటలకొద్దీ నూరి, నీళ్లతో కడిగి, తేనె పోయాక తుమ్మబంక చుక్క కలిపితే అదే బంగారు సిరా. యూరప్‌లో దాన్ని ఆల్చిప్పల్లో దాచుకునేవారు. ఇక్కడి సూక్ష్మచిత్రాల వాళ్లూ దాదాపు ఇదే చేశారు. నేను పని చేసేటప్పుడు రాలిన ప్రతి తునకనూ కుంచెతో ఊడ్చి ఒక సీసాలో వేస్తాను, ఏడాదికొకసారి ఆ సీసా నూరే రోజు నాకు పండగ.

ఇప్పుడు రంగులు. పసుపు, కుంకుమ వద్దు. పవిత్రమైనవే, కానీ ఎండకు నిలవవు. కుంకుమ పసుపుకు సున్నం లాంటి క్షారం తగిలి ఎర్రబడినదే కనుక అదీ అంతే. కిటికీ ఎదురుగా పెడితే కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. బజారు కుంకుమలో ఇంకేం కలిపారో చెప్పలేం కూడా.

సింధూరం, ఇంగిలీకం, హరిదళం మూడూ అసలైన రంగులే, మూడూ విషాలే. సింధూరం సీసం, ఇంగిలీకం పాదరసమూ గంధకమూ, హరిదళం ఆర్సెనిక్కూ గంధకమూ. ఐర్లండ్‌లో ఉన్న, సుమారు 800 నాటి కెల్స్ సువార్త గ్రంథంలో బంగారు రేకు లేనే లేదు, అందులోని మెరిసే పసుపు హరిదళమే. అంత అందమైన రంగు. కానీ రాగి నుంచి తీసిన ఆకుపచ్చ పక్కన గానీ సీసపు తెలుపు పక్కన గానీ పెడితే హరిదళంలోని గంధకం వాటిని నల్లబరుస్తుంది. పూజా సామాన్ల కొట్టులో దొరికే సింధూరం నిజంగా సీసమో, రంగు కలిపిన ఏదో పొడో చెప్పడం కష్టం. సీసమైతే పాపకు ప్రమాదం, కాకపోతే కాగితం మీద నిలవదు. రెండు విధాలా దండగే. మీ ఇంట్లో నాలుగేళ్ల బిడ్డ తిరుగుతోంది. ఈ మూడు పొడుల్లో ఒక్కటి కూడా ఇంట్లోకి తేవద్దు. మాస్కు వేసుకుంటాను, తలుపు వేస్తాను అనకండి. పొడి నేలకు దిగుతుంది, పిల్లలు ఉండేది నేల మీదే. నేను వాడతాను, కానీ ఇంటికి దూరంగా వేరే గదిలో, పొడిగా కాక తడిగా, తినే గిన్నెలకు దగ్గరకు రానివ్వని కల్వంలో.

కుంచె మొన నోట్లో పెట్టుకుని తడపడం మీకు అలవాటు ఉంటే ఈ రోజే మానండి. జర్మనీలోని దాల్‌హైమ్ మఠంలో దాదాపు వెయ్యేళ్ల కిందట బతికిన ఒక స్త్రీ పళ్ల గారలో నీలి రేణువులు దొరికాయని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి లాజవర్ద్ రాతివి. పుస్తకాలకు రంగులు వేస్తూ కుంచెను పెదవులతో మొన తీర్చుకుని ఉంటుందన్నది వాళ్ల ఊహ. ఆ నీలం పెద్ద విషం కాదు కాబట్టి ఆమెకు ఏమీ కాలేదనుకుందాం. అదే ఆర్సెనిక్ అయితే?

ఆ నీలం గురించి చెప్పకుండా ఉండలేను. అఫ్ఘానిస్తాన్ బదఖ్షాన్ కొండల్లో సర్-ఎ-సంగ్ గనుల రాయి అది. రాయిని నూరితే నీలం రాదు, బూడిదరంగు పొడి వస్తుంది. ఆ పొడిని గుగ్గిలం, మైనంతో ముద్ద చేసి, కొన్ని రోజులు ఊరనిచ్చి, బూడిద తేరిన క్షారపు నీళ్లలో పిసకాలి. అప్పుడు నీలం ఒక్కటే నీళ్లలోకి దిగుతుంది, మలినం ముద్దలో చిక్కుకుంటుంది. నేను ఒకసారి వంద గ్రాముల రాయితో చేశాను. అరచెంచా మంచి నీలం దిగింది, ఆ తర్వాత దిగినవన్నీ బూడిదనీలాలే. సరదాకు ఒకసారి చేసుకోవచ్చు, పని కోసం వద్దు. 1820లలో ఫ్రాన్స్‌లో గిమే అనే ఆయన ఇదే నీలాన్ని కొలిమిలో కృత్రిమంగా తయారుచేశాడు, రసాయనంగా దాదాపు ఒకటే. మా అమ్మ నాన్నగారి పంచెలకు పెట్టే నీలిమందు పొడి అదే సరుకు. తమాషా ఏమిటంటే పాత తెలుగులో నీలిమందు అంటే నీలిచెట్టు ఆకు నుంచి తీసేది, కడప వైపు పండించింది. ఒకే పేరు, రెండు వేరువేరు నీలాలు. మీరు చిత్రకారుల కొట్టులో అల్ట్రామెరైన్ అని అడిగి కృత్రిమమైనదే కొనండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎరుపుకు మీ పక్కనే ఒక సంపద ఉంది. మచిలీపట్నం కలంకారీ వాళ్ల పాత ఎరుపు చిరివేరు నుంచి వచ్చింది. దాన్ని బట్టకు వేసినట్టు కాగితానికి వేయలేం, పొడిరంగుగా మార్చాలి. వేళ్లను దంచి వేడి నీళ్లలో ఊరబెట్టి వడగట్టండి. అందులో పటిక కరిగించి, చాకలిసోడా నీళ్లు చుక్కచుక్కగా పోయండి. నురుగు పొంగుతుంది, తర్వాత రంగు ముద్దగా అడుగుకు దిగుతుంది. నీళ్లు మార్చి రెండు మూడుసార్లు తేర్చి ఆరబెడితే గులాబీ ఛాయ ఎరుపు పొడి వస్తుంది. మంజిష్ఠతోనూ, లక్కతోనూ ఇలాగే. ఎండలో పెట్టకుండా ఉంటే చాలాకాలం నిలుస్తాయి. వీటికి తోడు ఎర్ర జాజు, పసుపుమట్టి, దీపపు మసి. మట్టి రంగులు, మసి దేనితోనూ గొడవపడవు. ఎండకు భయపడవు. అందరూ మొదట రాతిరంగుల కోసం పరిగెత్తుతారు గానీ, చిన్న పుట మీద బంగారం పక్కన జాజు ఎరుపు నిలిచినంత నిండుగా ఇంగిలీకం కూడా నిలవదని నా అభిప్రాయం. బంకకు తుమ్మబంక నీళ్లలో నానబెట్టి వడగట్టి, రెండు చుక్కలు తేనె, పురుగు పట్టకుండా ఒక చుక్క లవంగనూనె వేయండి. బంక ఎక్కువైతే రంగు మెరిసి పగుళ్లిస్తుంది, తక్కువైతే వేలికి అంటుతుంది. ఓ పక్క ముక్క మీద వేసి ఆరాక రుద్ది చూడటమే పరీక్ష.

మీ పాత పుట పారేయకండి. ఇత్తడిని గీరవద్దు, కాగితం చిరుగుతుంది. ‘శ్రీ’ ఉన్న చోట ఒక ముక్క అతికించాలనీ చూడకండి, నాన్నగారి కళ్లకు అదే మొదట కనబడుతుంది. పద్యాన్ని కొత్త కాగితం మీద తిరిగి రాయండి, నూలుతో చేసిన నున్నటి మందపు కాగితం, చదరపు మీటరుకు 300 గ్రాములు తూగేది తీసుకోండి. ఈసారి ‘శ్రీ’ చోటు ఖాళీగా వదిలి, ఉషక్ పూత వేసి, వానాకాలపు ఒక ఉదయం 5 గంటలకు రేకు పెట్టండి. రేకు పెట్టాక, రంగులు మొదలుపెట్టకముందే ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. లైటు ఎదురుగా కాదు, పక్కనుంచి ఏటవాలుగా పడేలా. పూతలో ఎక్కడ గుంట ఉందో ఆ వెలుతురులోనే తెలుస్తుంది.